విడుదలకు ముందు ఇన్‌స్టాలర్ ప్యాకేజీల తనిఖీ

ఒక సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎక్కించడానికి కావలసిన ఫైళ్ళు, అవి ఎక్కడెక్కడ చేరాలో చెప్పే వివరాలు, ముందూ వెనకా నడవాల్సిన స్క్రిప్టులు అన్నీ కలిపి ఒక్క ఫైలుగా కడితే అది ఇన్‌స్టాలర్ ప్యాకేజీ. విండోస్‌లో ఎంఎస్ఐ, సెటప్ ఈఎక్స్ఈ, మ్యాక్‌లో పీకేజీ, డెబియన్, ఉబుంటులలో డెబ్, ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో ఆర్‌పీఎం, ఆండ్రాయిడ్‌లో ఏపీకే అందరికీ తెలిసిన రకాలు. ఈ ప్యాకేజీని జనం చేతికి ఇచ్చేముందు విప్పి, లోపల ఏమున్నాయి, ఉండవలసినవన్నీ ఉన్నాయా, ఉండకూడనివి చేరాయా అని చూసుకోవడమే ప్యాకేజీ తనిఖీ.

సోర్స్ కోడ్ చదవడం వేరు, ప్రోగ్రామ్‌ను నడిపి పరీక్షించడం వేరు, ప్యాకేజీని విప్పి చూడటం వేరు. మొదటి రెండింటికీ చాలా సంస్థల్లో మనుషులు, సమయం కేటాయిస్తారు. మూడోదాన్ని బిల్డ్ సర్వర్ చూసుకుంటుందిలే అని వదిలేస్తారు. వాడేవారి యంత్రంలోకి వెళ్ళేది మాత్రం ఆ ప్యాకేజీయే. సోర్స్ నుంచి ప్యాకేజీ దాకా ఉన్న దారిలో కంపైలరు, బయటి లైబ్రరీలు, బిల్డ్ స్క్రిప్టులు, ఎవరి ఫోల్డర్‌లోనో మిగిలిపోయిన ఫైళ్ళు ఎన్నో తగులుతాయి. ఆ దారిలో చేరినదాన్ని పట్టుకోవాలంటే చివరకు తయారైన ఫైలును చూడటం ఒక్కటే మార్గం.

లోపల ఏముంటుంది

పైకి అన్నీ ఒకే ఫైలుగా కనిపించినా లోపలి అమరిక ఒక్కోదానిది ఒక్కో తీరు. అన్నిటికన్నా సులువుగా విప్పగలిగేది డెబ్. పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లు డెబియన్‌లో ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీగా దొరుకుతాయి. దాన్ని ఏఆర్ అనే పాత యూనిక్స్ పనిముట్టుతో విప్పితే మూడు ఫైళ్ళు బయటపడతాయి. మొదటిది డెబియన్-బైనరీ. అందులో 2.0 అనే ఫార్మాట్ సంఖ్య తప్ప మరేమీ ఉండదు. రెండోది కంట్రోల్. ప్యాకేజీ పేరు, వెర్షన్, దీనికి ముందు ఇంకేమేం ఉండాలి అనే వివరాలు, స్క్రిప్టులుంటే అవీ అందులో ఉంటాయి. మూడోది డేటా, అంటే యంత్రంలో చేరబోయే అసలు ఫైళ్ళు. డీపీకేజీ-డెబ్ ఆదేశానికి కంటెంట్స్ అని తగిలిస్తే ఏదీ ఇన్‌స్టాల్ కాకుండానే ఆ ఫైళ్ళ జాబితా తెర మీదికొస్తుంది.

జాబితాలో ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస ఉంటుంది. ముందు అనుమతుల అక్షరాలు, తర్వాత యజమాని, సైజు, తేదీ, చివర పూర్తి దారి. ఇది ఫాంట్ ప్యాకేజీ గనక యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద ఫాంట్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళే ఫాంట్ ఫైళ్ళు కనబడాలి. డాక్ ఫోల్డర్‌లోకి వెళ్ళే కాపీరైట్ ఫైలు కూడా కనబడాలి. డెబియన్ నియమావళి ప్రకారం అది ప్రతి ప్యాకేజీలోనూ ఉండి తీరాలి. ఇలాంటి ప్యాకేజీలో ఎక్కడైనా ఒక ప్రోగ్రామ్ ఫైలు తగిలితే ఇదెందుకని అడగాలి. అనుమతుల అక్షరాల్లో ఎక్స్ ఉండవలసిన చోట ఎస్ కనబడితే ఇంకా జాగ్రత్తపడాలి. దాన్ని ఎవరు నడిపినా యజమాని హక్కులతో నడుస్తుందని ఆ అక్షరానికి అర్థం. ఆ యజమాని సాధారణంగా రూట్, అంటే పూర్తి హక్కులున్న నిర్వాహక ఖాతా. ఏముండాలో ముందుగా రాసుకుని జాబితా తెరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఊరికే పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే వందల వరుసల్లో అన్నీ సవ్యంగానే అనిపిస్తాయి.

ఆర్‌పీఎం సంగతీ దాదాపు ఇంతే. ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్ళ జాబితా, స్క్రిప్టుల పాఠం, సంతకం మూడింటినీ ఆర్‌పీఎం ఆదేశమే చూపిస్తుంది.

ఎంఎస్ఐ స్వభావం వేరు. 1999లో ఆఫీస్ 2000తో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ తన ప్యాకేజీని ఒక చిన్న డేటాబేస్‌గా దాచుకుంటుంది. ఫైళ్ళకు ఒక పట్టిక, ఫోల్డర్లకు ఒకటి, రిజిస్ట్రీలో రాయబోయే విలువలకు ఒకటి, ఏ పని తర్వాత ఏది జరగాలో చెప్పేది మరొకటి. మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎస్‌డీకేలో ఇచ్చే ఓర్కా అనే పనిముట్టుతో ఈ పట్టికలను తెరిచి చదవవచ్చు. పట్టికలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూసే ఐసీఈ నియమాలను కూడా అందులోనే నడపవచ్చు. తనిఖీ చేసేవారు ముందుగా తెరవాల్సింది కస్టమ్ యాక్షన్ అనే పట్టిక. తయారీదారు సొంతంగా చేర్చిన పనులన్నీ అందులో ఉంటాయి, వాటిలో కొన్ని సిస్టమ్ ఖాతా హక్కులతో నడుస్తాయి. లోపలి ఫైళ్ళు మాత్రమే కావాలంటే ఎంఎస్ఐఎగ్జెక్ ఆదేశాన్ని అడ్మినిస్ట్రేటివ్ పద్ధతిలో నడిపితే అవి వేరే ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి.

మ్యాక్ పీకేజీ అనేది ఎక్స్ఏఆర్ రకపు ఆర్కైవ్. పీకేజీయుటిల్ ఆదేశంతో విప్పితే పేలోడ్, స్క్రిప్టులు, ఫైళ్ళ పట్టిక విడివిడిగా వస్తాయి. ఆదేశాలతో అలవాటు లేనివారికి ఆపిల్ ఇన్‌స్టాలర్ మెనూలోనే షో ఫైల్స్ అనే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్ ఏపీకే నిజానికి ఒక జిప్ ఫైలు. అందులోని మ్యానిఫెస్ట్‌ను ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఏపీకే ఎనలైజర్‌తో తెరిస్తే యాప్ ఏయే అనుమతులు అడుగుతుందో తెలుస్తుంది. ఒక బయటి లైబ్రరీని చేర్చినప్పుడు దానికి కావలసిన అనుమతులు కూడా వచ్చి ఈ మ్యానిఫెస్ట్‌లో కలుస్తాయి. తమ యాప్ కాంటాక్టులు ఎందుకు అడుగుతోందో తయారుచేసినవారికే తెలియని పరిస్థితి ఇలా వస్తుంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది విండోస్ సెటప్ ఈఎక్స్ఈ. అది తనంతట తాను నడిచే ప్రోగ్రామ్ కాబట్టి, ఏముందో చూద్దామని రెండుసార్లు నొక్కితే పని మొదలైపోతుంది. ఎన్ఎస్ఐఎస్‌తో తయారైన సెటప్‌లు చాలావరకు 7-జిప్‌తో, ఇన్నో సెటప్‌తో తయారైనవి ఇన్నోఎక్స్‌ట్రాక్ట్‌తో విప్పుకోవచ్చు. సొంతంగా రాసుకున్న ఇన్‌స్టాలర్లకు ఆ వీలు లేదు. వాటిని వర్చువల్ మెషిన్‌లో నడిపి చూడాల్సిందే.

స్క్రిప్టులు

ఫైళ్ళ జాబితా సవ్యంగా ఉంది కదా అని ప్యాకేజీ సవ్యంగా ఉందనుకోకూడదు. ఫైళ్ళు ఎక్కకముందు, ఎక్కాక, తీసేసేటప్పుడు నడిచే స్క్రిప్టులు చాలాసార్లు పూర్తి నిర్వాహక హక్కులతో నడుస్తాయి. అసలు ప్రోగ్రామ్‌లో తప్పుంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇన్‌స్టాల్ స్క్రిప్టులో తప్పుంటే యంత్రమే పోవచ్చు. విచిత్రమేమంటే సంస్థల్లో అతి తక్కువమంది కళ్ళు పడేది ఈ పది ఇరవై వరుసల మీదే.

2001 నవంబరులో ఆపిల్ మ్యాక్ ఓఎస్ టెన్ కోసం ఐట్యూన్స్ 2.0 విడుదల చేసింది. పాత ఐట్యూన్స్ కాపీని తీసెయ్యడానికి దాని ఇన్‌స్టాలర్‌లో తుడిచివేత ఆదేశం ఒకటి ఉంది. ఆ ఆదేశంలో డిస్కు దారి చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. డిస్కు పేరులో ఖాళీ ఉంటే షెల్ ఆ పేరును రెండు ముక్కలుగా చదువుతుంది. ముందు ముక్క మరో డిస్కు పేరుతో సరిపోతే తుడిచివేత దాని మీద పడుతుంది. అలా కొందరి డిస్కు విభాగాలు పూర్తిగా ఖాళీ అయిపోయాయి. ఆపిల్ ఆ ఇన్‌స్టాలర్‌ను వెనక్కి తీసుకుని సరిచేసిన 2.0.1ను ఇచ్చింది. పరీక్షించినవారి డిస్కుల పేర్లలో ఖాళీలు లేకపోతే ఈ తప్పు ఎన్నిసార్లు పరీక్షించినా బయటపడదు. స్క్రిప్టును తెరిచి చదివితే మాత్రం షెల్ తెలిసిన ఎవరి కంటికైనా ఆనుతుంది.

పదేళ్ళ తర్వాత, 2011లో, లైనక్స్ ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా గ్రాఫిక్స్‌ను నడిపే బంబుల్‌బీ అనే ప్రాజెక్టులో ఇలాంటిదే జరిగింది. యూఎస్ఆర్ ఫోల్డర్ లోపల, లిబ్ కింద ఎక్కడో లోతున ఉన్న ఒక చిన్న ఎన్విడియా ఫోల్డర్‌ను ఇన్‌స్టాల్ స్క్రిప్టు తుడిచెయ్యాలి. టైపు చేసేటప్పుడు యూఎస్ఆర్ అన్న మాట తర్వాత ఒక్క స్పేస్ పడింది. దాంతో ఆదేశం ముందుగా యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తాన్ని తుడిచెయ్యమని చెప్పినట్టయింది. లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు దాదాపు అన్నీ ఉండేది అక్కడే. ఈ రెండు ఉదాహరణల్లోనూ దురుద్దేశం లేదు, వైరస్ లేదు. ఏ యాంటీవైరస్సూ వీటిని తప్పు పట్టదు. తుడిచివేత ఆదేశం ఉన్న ప్రతి వరుసనూ, ఇంటర్నెట్ నుంచి మరేదో దించుకుని నడిపే ప్రతి వరుసనూ మనిషి కూర్చుని చదవాలనే నియమం పెట్టుకుంటే ఇలాంటివి చాలావరకు ఆగుతాయి.

పొరపాటున మిగిలిపోయేవి

ప్యాకేజీలో పొరపాటున దూరే సరుకు చాలా రకాలు. డెవలపర్ కంప్యూటర్‌లోని యూజర్ పేరు, ఫోల్డర్ దారులు బయటపెట్టే పీడీబీ ఫైళ్ళు, కోడ్ చరిత్ర మొత్తం ఉన్న గిట్ ఫోల్డర్, డేటాబేస్ పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు, పరీక్షల కోసం వాడిన ప్రైవేట్ కీలు. కీ ఒకసారి బయటికి వెళ్ళిందంటే ప్యాకేజీని వెనక్కి తీసుకున్నా లాభం లేదు, ఆ కీనే మార్చాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ప్రచురించేవారికి ఎన్‌పీఎం ఒక మంచి సౌకర్యం ఇచ్చింది. ప్యాక్ ఆదేశాన్ని డ్రై-రన్‌గా నడిపితే ఏయే ఫైళ్ళు వెళ్ళబోతున్నాయో, మొత్తం సైజు ఎంతో ముందే చూపిస్తుంది. సైజు ఉన్నట్టుండి పెరిగిందంటే సోర్స్ మ్యాపో, వీడియోనో, ఎవరిదో బ్యాకప్పో లోపల చేరిందని అర్థం.

వాడకుండా ఆపేసిన సరుకును కూడా తీసెయ్యకుండా వదిలేస్తే ఎంత దూరం వెళ్తుందో 2005లో రాక్‌స్టార్ గేమ్స్ వారి గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్ ఆట చూపించింది. పెద్దలకు మాత్రమే తగిన ఒక ఘట్టాన్ని ఆటలో కనబడకుండా చేశారే తప్ప డిస్కులోంచి తీసెయ్యలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక ప్రోగ్రామర్ దాన్ని తిరిగి తెరిచే మార్పును విడుదల చేయడంతో, అమెరికాలో ఆటలకు వయసు వర్గాలు నిర్ణయించే ఈఎస్ఆర్‌బీ జులైలో ఆ ఆటను పెద్దలకు మాత్రమే అనే వర్గంలోకి మార్చింది. పెద్ద దుకాణాలు దాన్ని అరలమీంచి తీసేశాయి. తెరమీద కనబడేదాన్ని మాత్రమే పరీక్షించినవారికి ఇది తెలిసే అవకాశం లేదు.

లైసెన్సుల చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. అదే 2005 అక్టోబరు 31న విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్, సోనీ బీఎంజీ సంగీతపు సీడీలు విండోస్‌లో రూట్‌కిట్‌ను రహస్యంగా ఇన్‌స్టాల్ చేస్తున్నాయని బయటపెట్టారు. ఆ రూట్‌కిట్‌ను తెచ్చిన ఎక్స్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్‌ను మిగతావారు విప్పి చూస్తే, అందులో లేమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ముక్కలు దాని లైసెన్సు షరతులు పాటించకుండా చేరి ఉన్నాయి. డెబియన్ దీనికి గట్టి కట్టుబాటే పెట్టుకుంది. కొత్త ప్యాకేజీ ఏదైనా ముందు న్యూ అనే వరుసలో ఆగాలి. ఎఫ్‌టీపీ మాస్టర్లు అనే స్వచ్ఛంద బృందం దాన్ని తెరిచి, ఏ ఫైలుకు ఏ లైసెన్సు ఉందో చూసి ఒప్పుకుంటేనే అది ఆర్కైవ్‌లోకి వెళ్తుంది. ఒక్కోసారి నెలలు పడుతుంది, విసుక్కునేవారూ ఉంటారు. ఆ ఆర్కైవ్ మీద ప్రపంచానికి ఉన్న నమ్మకంలో ఆ ఆలస్యానికీ వాటా ఉంది.

సంతకం ఎంతవరకు

మాల్‌వేర్ ప్యాకేజీలో చేరడం కొత్తేమీ కాదు. 1988లో ఆల్డస్ సంస్థ అమ్మిన ఫ్రీహ్యాండ్ డిస్కుల్లో కొన్నిటిలో మ్యాక్‌మ్యాగ్ అనే వైరస్ వెళ్ళిపోయింది. అట్టపెట్టెలో సీలు వేసి వచ్చిన వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో వైరస్ దొరకడం అదే తొలిసారి అంటారు. అప్పటి నుంచి వచ్చిన రక్షణల్లో ప్రధానమైనది డిజిటల్ సంతకం. అది కవరు మీది లక్క సీలు లాంటిది. ఎవరు వేశారో, మధ్యలో ఎవరైనా చింపారో లేదో చెబుతుంది. సీలు వేసే ముందు కవరులో ఏం పెట్టారో చెప్పదు.

కంప్యూటర్‌ను శుభ్రపరిచే సీక్లీనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2017 ఆగస్టు 15న విడుదలైన 5.33 వెర్షన్‌కు అసలైన సంతకమే ఉంది. తయారీదారు వ్యవస్థలోకే చొరబడి మాల్‌వేర్‌ను చేర్చారు కాబట్టి సంతకం సరిగ్గానే పడింది. సెప్టెంబరులో బయటపడేనాటికి దాదాపు 22.7 లక్షల మంది దాన్ని ఎక్కించుకున్నారు. 2023 మార్చిలో 3సీఎక్స్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌కూ ఇదే జరిగింది. అందులో మార్చిన డీఎల్‌ఎల్‌లు రెండు. మొదటిది ఎఫ్ఎఫ్ఎంపెగ్. రెండోది డీ3డీకంపైలర్_47 అనే మైక్రోసాఫ్ట్ ఫైలు. దాని వెనక గూఢలిపిలో సరుకు అతికించినా, విండోస్ మైక్రోసాఫ్ట్ సంతకం చెల్లుతుందనే చూపించింది. సంతకపు భాగంలో అదనపు బైట్లు చేర్చినా పట్టుకోని ఈ లోపం 2013 నుంచీ తెలిసినదే. దాని సవరణను ఎవరికి వారు రిజిస్ట్రీలో ఆన్ చేసుకోవాలి. తనిఖీ చేసేవారు సంతకంతో సరిపెట్టుకోకుండా, ఆ ఫైలు హ్యాష్‌ను దాని అసలు ప్రచురణకర్త ఇచ్చిన ఫైలు హ్యాష్‌తో పోల్చి ఉంటే తేడా ఒక్క నిమిషంలో బయటపడేది.

సోర్స్‌లో లేనిది ప్యాకేజీలో

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం ఈ విషయంలో అందరూ తెలుసుకోవలసినది. లైనక్స్ ప్రపంచమంతా వాడే ఈ కుదింపు లైబ్రరీలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎస్ఎస్‌హెచ్ ద్వారా యంత్రంలోకి చొరబడే దొంగదారి పెట్టారు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన యంత్రంలో లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందని గమనించి, కారణం వెతుకుతూ వెళ్ళి దాన్ని పట్టుకున్నారు.

దొంగదారిని అమర్చిన తీరు చూడండి. అసలు సరుకును లైబ్రరీ పరీక్షల కోసం పెట్టిన కుదించిన ఫైళ్ళలో దాచారు. చెడిపోయిన ఫైళ్ళను లైబ్రరీ ఎలా తట్టుకుంటుందో చూసే పరీక్షలకు అలాంటివి అవసరమే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. వాటిని విప్పి బిల్డ్‌లో కలిపే వరుస బిల్డ్-టు-హోస్ట్ అనే ఎం4 ఫైలులో ఉంది. ఆ మార్చిన ఫైలు గిట్ రిపోజిటరీలో లేదు. విడుదల కోసం కట్టిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. పైగా అది 64 బిట్ల ఇంటెల్ తరహా లైనక్స్ యంత్రం మీద, డెబ్ గానీ ఆర్‌పీఎం గానీ తయారవుతున్నప్పుడే పనిచేసేది. గిట్‌లోని కోడ్ చదివినవారికి ఆ వరుస దొరకదు. ఇంట్లో సొంతంగా బిల్డ్ చేసుకున్నవారికీ ఏమీ కాదు. డెబియన్ అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ వంటి ప్రయోగ దశలోని విడుదలల్లోకి అప్పటికే చేరిపోయింది. స్థిరమైన విడుదలల్లోకి వెళ్ళకముందే ఆగింది. టార్‌బాల్‌ను గిట్ ట్యాగ్‌తో పోల్చి చూసే అలవాటు అప్పటికి డిస్ట్రిబ్యూషన్లలో లేదు. ఆ తర్వాత చాలా ప్రాజెక్టులు నేరుగా గిట్ నుంచే ప్యాకేజీలు కట్టడం వైపు మళ్ళాయి.

కంపైలరే చెడితే ఏమవుతుందో కెన్ థాంప్సన్ 1984లోనే అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో వివరించారు. 2009లో ఇండక్ అనే వైరస్ దాన్ని చేసి చూపింది. డెల్ఫీ కంపైలరులోని ఒక లైబ్రరీ ఫైలును మార్చేసి, ఆ యంత్రంలో ఆ తర్వాత తయారైన ప్రతి ప్రోగ్రామ్‌లోనూ తనను తాను చేర్చుకుంది. డెవలపర్ల సోర్స్ కోడ్‌లో దాని ఆనవాలే లేదు.

పోల్చి చూడటం, ఎక్కించి చూడటం

సోర్స్‌కూ ప్యాకేజీకీ ఉన్న ఈ దూరాన్ని పూడ్చడానికి పుట్టినదే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ఉద్యమం. ఒకే సోర్స్ నుంచి ఇద్దరు వేరువేరు చోట్ల బిల్డ్ చేస్తే బైట్ తేడా లేకుండా ఒకే ప్యాకేజీ రావాలని దాని లక్ష్యం. బిట్‌కాయిన్, టోర్ బ్రౌజర్ ప్రాజెక్టులు ముందు ఈ దారి పట్టాయి. డెబియన్‌లో 2013లో మొదలైంది. బిల్డ్ జరిగిన సమయం, ఫైళ్ళ వరుస, ఫోల్డర్ దారి వంటివి ప్యాకేజీలో పడి తేడాలు తెస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చారు. సోర్స్ డేట్ ఎపోక్ అనే వేరియబుల్‌తో సమయాన్ని ఒకేచోట స్థిరపరుస్తారు. ఆ పనిలోనే డిఫోస్కోప్ తయారైంది. రెండు ప్యాకేజీలు ఇస్తే పొర తర్వాత పొర విప్పుకుంటూ పోయి, ఎంత లోపలి ఫైలులో తేడా ఉన్నా తెచ్చి చూపిస్తుంది.

విడుదల చేసేవారికి రోజువారీగా ఎక్కువ ఉపయోగపడేది కూడా ఇలా పోల్చి చూడటమే. కొత్త ప్యాకేజీని గత విడుదలతో పోలిస్తే చూడాల్సినవి వేల ఫైళ్ళ నుంచి పదుల మార్పులకు తగ్గుతాయి. ఒక చిన్న సవరణ కోసం చేసిన విడుదలలో సంబంధం లేని డీఎల్‌ఎల్ మారిందంటే విడుదలను ఆపి కారణం అడగాలి. డెబియన్‌లో 1998 నుంచి ఉన్న లింటియన్, ఆర్‌పీఎంలకు ఆర్‌పీఎంలింట్ తెలిసిన తప్పులను వాటంతటవే ఏరుతాయి. వాటి హెచ్చరికలు చాలా ఎక్కువ. ఆపేసిన ప్రతి హెచ్చరిక పక్కన ఎందుకు ఆపామో రాసిపెట్టకపోతే రెండు విడుదలలు తిరిగేసరికి అవి ఎవరూ చదవని గోడ రాతలవుతాయి.

విప్పి చూడటం అయ్యాక శుభ్రమైన వర్చువల్ మెషిన్‌లో ఎక్కించి చూస్తారు. ఎక్కించక ముందు, తర్వాత ఫైళ్ళ చిత్రం, విండోస్ అయితే రిజిస్ట్రీ చిత్రం కూడా తీసి రెండూ పోలుస్తారు. జాబితాలో లేని ఫైలు పుట్టిందంటే ఏదో స్క్రిప్టు చేసిన పనే. తర్వాత తీసేసి చూస్తారు. సర్వీసులు, షెడ్యూల్డ్ టాస్కులు, ఖాతాలు మిగిలాయేమో వెతుకుతారు. పాత వెర్షన్ ఉన్న యంత్రం మీద కొత్తది ఎక్కించడం వేరే పరీక్ష. డెబియన్‌లో పియుపార్ట్స్ అనే పనిముట్టు ఎక్కించడం, మార్చడం, తీసెయ్యడం మూడింటినీ తనే చేసి మిగులు చూపిస్తుంది. డెవలపర్ కంప్యూటర్‌లోనే పరీక్షిస్తే కావలసిన లైబ్రరీలన్నీ అక్కడ ముందే ఉంటాయి కాబట్టి ప్యాకేజీలో లేనిది బయటపడదు.

పదార్థాల చిట్టా, చట్టం

2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు, అది తమ ఉత్పత్తిలో ఉందో లేదో చాలా సంస్థలు చెప్పలేకపోయాయి. జార్ ఫైలు మరో జార్‌లో, అది ఇంకో వార్ ఫైలులో దాగి ఉండటంతో పైపై జాబితాలు దొరకబుచ్చుకోలేదు. సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్, పొట్టిగా ఎస్‌బామ్, అనే చిట్టాకు అప్పటి నుంచి గిరాకీ పెరిగింది. దానికి అమెరికా అధ్యక్షుడి 14028వ ఉత్తర్వు అదే ఏడాది మే 12న ప్రాతిపదిక వేసింది. ఎస్‌పీడీఎక్స్, సైక్లోన్‌డీఎక్స్ ప్రధాన ఫార్మాట్లు. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఎస్‌బామ్ మీద సాంకేతిక మార్గదర్శకాలు ఇచ్చింది. హైదరాబాద్ నుంచి ఐరోపాకు సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు పంపే కంపెనీలకు ఐరోపా సైబర్ రెసిలియన్స్ చట్టం కూడా వర్తిస్తుంది. దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి అమలవుతాయి.

చిట్టాను ఎక్కడి నుంచి తయారుచేశారన్నది చట్టాల కన్నా ముందు తేలాల్సిన విషయం. ప్రాజెక్టులోని డిపెండెన్సీ ఫైలు నుంచి తీస్తే డెవలపర్ ఏం కోరుకున్నారో తెలుస్తుంది. ఎవరో చేత్తో కాపీ చేసి పెట్టిన డీఎల్‌ఎల్, ఇన్‌స్టాలర్ తనతో తెచ్చుకున్న రన్‌టైమ్, సోర్స్‌లోనే కలిపేసిన లైబ్రరీ ముక్క అందులో కనబడవు. అందుకే సిఫ్ట్ వంటి పనిముట్లను తయారైన ప్యాకేజీ మీద నడిపి రెండో చిట్టా తీస్తారు, మొదటిదానితో పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండిటికీ పొసగని ప్రతి పేరుకూ విడుదలకు ముందు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.